నాటింగ్‌హామ్ రాలీ సైకిలు: కొత్త బి.బి. కప్పు రెండు చుట్లు తిరిగి ఆగిపోతున్నది

గోదారి గట్టు (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు వాడిన రాలీ సైకిలును మళ్ళీ నడిచే స్థితికి తేవాలని రెండు నెలలుగా పని చేస్తున్నాను. హెడ్ ట్యూబు మీది బిళ్ళపై కొంగ తల, దాని కింద నాటింగ్‌హామ్ అన్న పేరు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. చైన్ వీల్లో కూడా మూడు కొంగ తలలు ఉన్నాయి. రాడ్ బ్రేకులు, 28 అంగుళాల చక్రాలు, కాటర్ పిన్నుల (క్రాంకును యాక్సిలుకు బిగించే ఏటవాలు మేకుల) క్రాంకులు.

తొక్కుతున్నప్పుడు కింద కరకరమని శబ్దం వస్తుంటే బాటం బ్రాకెట్టును (బి.బి., అంటే క్రాంకుల యాక్సిలు గోళీల మీద తిరిగే గొట్టం; గోళీలను పట్టే కప్పులు దాని రెండు వైపులా మరతో బిగుస్తాయి) విప్పించాను. ఎడమ కప్పు శుభ్రంగానే ఉన్నది కాని, కుడి కప్పులో గోళీలు తిరిగే దారి అంతా గుంటలు పడి ఉన్నది. మా వీధి చివరి దుకాణంలో కొత్త కుడి కప్పు తెచ్చి బిగించబోతే అది రెండు చుట్లు చేతితోనే చక్కగా తిరిగి, మూడో చుట్టులో బిర్రుగా పట్టేసింది. దుకాణదారు పొడవైన పానా తెచ్చి, దానికి పైపు తొడిగి బిగిస్తే అదే దారికి వస్తుందన్నారు. ఆయనకు ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్నది, నాకు లేదు. అయినా మనసొప్పక ఆపించి, ఫ్రేమును ఇంటికి తెచ్చుకున్నాను. ఆపి మంచి పని చేశానా, అనవసరంగా భయపడ్డానా?

మరల మనిషి (హైదరాబాదు)

మంచి పనే చేశారు. నేను టూల్ రూములో మరలు కోస్తూ పదవీ విరమణ చేసిన వాణ్ణి. చేతితో రెండు చుట్లు వెళ్ళి మూడో చుట్టులో పట్టేసే మర గురించి నా అనుభవం చెప్పేది ఒక్కటే: వ్యాసం సరిపోయింది, పిచ్ (మరలో ఒక చుట్టుకూ పక్క చుట్టుకూ మధ్య దూరం) సరిపోలేదు. తుప్పు వల్ల గాని మురికి వల్ల గాని పట్టేస్తే మొదటి చుట్టు నుంచే గరగరలాడుతుంది.

ఏదైనా కొనే ముందు మూడు కొలతలు తీసి ఇక్కడ రాయండి. మొదటిది, ఫ్రేములోని బి.బి. గొట్టం వెడల్పు, అంటే కుడి అంచు నుంచి ఎడమ అంచు వరకు ఎన్ని మిల్లీమీటర్లో వెర్నియరుతో చూడండి. రెండవది, పాత కప్పు మర పైవ్యాసం. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, పాత కప్పు మీద అర అంగుళానికి ఎన్ని చుట్లు ఉన్నాయో లెక్క. పిచ్ గేజి (మర పళ్ళకు ఆనించి చూసే పళ్ళ ఆకులు) లేకపోతే కార్బన్ కాగితం కింద తెల్ల కాగితం పెట్టి, కప్పును దాని మీద ఒత్తుతూ దొర్లించండి. మర గీతలు వరుసగా అచ్చు పడతాయి, వాటిని స్కేలు పక్కన పెట్టి లెక్కించవచ్చు. ఇంకో పద్ధతి కూడా ఉన్నది: పాత కప్పు, కొత్త కప్పు పక్కపక్కన పెట్టి, ఒకదాని మర పళ్ళను మరొకదాని పళ్ళలో కూర్చోబెట్టి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. రెండూ ఒకే మర అయితే వెలుగు కనబడదు. తేడా ఉంటే ఒక చివర పళ్ళు కూర్చుంటాయి, రెండో చివర ఎత్తుగా లేస్తాయి.

గోదారి గట్టు

మీరు చెప్పినట్లే చేశాను. గొట్టం వెడల్పు 76 మిల్లీమీటర్లు. పాత కప్పు పైవ్యాసం 34.8 మిల్లీమీటర్లు, కొత్త కప్పుదీ అంతే. కాగితం మీద అచ్చు వేసి చూస్తే పాత కప్పుకు అర అంగుళంలో 13 గీతలు, కొత్త కప్పుకు 12 గీతలు వచ్చాయి. రెండు కప్పులనూ కిటికీ దగ్గర పెట్టి చూస్తే ఒక చివర సన్నని వెలుగు స్పష్టంగా కనబడింది. వ్యాసం ఒక్కటే కావడం వల్లనే ఇంత దూరం వచ్చాము.

మరల మనిషి

అయితే సందేహం లేదు. మీ ఫ్రేముది రాలీ సొంత మర: 1⅜ అంగుళాల వ్యాసం, అంగుళానికి 26 చుట్లు. మీరు కొన్న కప్పు మిగతా బ్రిటిష్ సైకిళ్ళ ప్రమాణానిది, అంగుళానికి 24 చుట్లు. గొట్టం వెడల్పు కూడా ఆ మాటే చెబుతున్నది. 24 చుట్ల బ్రిటిష్ గొట్టం సాధారణంగా 68 మిల్లీమీటర్లు ఉంటుంది, రాలీ 26 చుట్ల గొట్టాలు 71 గాని 76 గాని ఉంటాయి.

మూడో చుట్టులోనే ఎందుకు పట్టేసిందో లెక్క చూడండి. 26 చుట్ల మరకు పిచ్ 0.977 మిల్లీమీటర్లు, 24 చుట్ల మరకు 1.058 మిల్లీమీటర్లు. చుట్టుకు 0.08 మిల్లీమీటర్ల తేడా పోగవుతూ వస్తుంది. మరల మధ్య ఉండే సందు మొదటి రెండు చుట్ల తేడాను మింగేస్తుంది, మూడో చుట్టుకు తేడా పావు మిల్లీమీటరుకు చేరువై ఇక చోటు మిగలదు. అక్కడ పైపు తొడిగిన పానాతో తిప్పితే కప్పు లోపలికి వెళ్ళవచ్చు, కాని అది గట్టిపరచిన ఉక్కు, గొట్టం మెత్తని ఉక్కు. తెగేది గొట్టంలోని మరే.

ఇంకొక హెచ్చరిక. మెట్రిక్ పిచ్ గేజి మాత్రమే ఉన్నవారు 26 చుట్ల మర మీద 1 మిల్లీమీటరు ఆకును పెట్టి, సరిపోయిందనుకుని, ఇది ఫ్రెంచి మర అని పొరబడుతుంటారు. పది చుట్లను కలిపి కొలిస్తే ఒకటి 9.77, మరొకటి 10.00, బ్రిటిష్ ప్రమాణం 10.58 వస్తాయి. ఒక్క చుట్టును కాక పదింటిని కలిపి కొలవడం మంచిది.

తెనాలి చక్రాలు (తెనాలి)

మరల మనిషి గారి లెక్కతో నాకు తగాదా లేదు. కాని ఊళ్ళో దొరకని కప్పు కోసం తిరగడం కన్నా, 24 చుట్ల ట్యాపు (లోపలి మర కోసే పనిముట్టు) వేసి గొట్టం మరనే మార్చేయడం తేలిక కదా? వ్యాసం ఒక్కటే అయినప్పుడు ట్యాపు పాత మరను పట్టుకుని లోపలికి వెళ్తుంది. నేను ఒక రాలీకి ఇలా చేయించాను, అది నాలుగేళ్ళుగా పాల డబ్బాలు మోస్తూనే ఉన్నది. పాత సైకిలు అంటే తిరగాలి గాని, గాజు పెట్టెలో పెట్టి పూజించడానికి కాదు.

మరల మనిషి

తెనాలి చక్రాలు గారూ, మీ సైకిలు తిరుగుతున్నదంటే నమ్ముతాను. ఆ పని అసాధ్యమని నేను అనను, చివరి మార్గమని అంటాను. వ్యాసం ఒక్కటే కావడమే అక్కడి చిక్కు. పాత 26 చుట్ల గాడులు అలాగే ఉండగా వాటి మీద 24 చుట్ల గాడులు కోస్తే, కొన్ని చోట్ల కొత్త పన్ను పాత గాడిలోనే పడి అక్కడ లోహమే మిగలదు. మిగిలేది తునకలు తునకలుగా ఉన్న మర. కుడి కప్పును అంచు వరకు బిగించి ఆనిస్తాం కాబట్టి అది నిలబడవచ్చు. ఎడమ కప్పు అలా కాదు, దానిని మధ్యలో ఆపి పై రింగుతో బంధిస్తాం కాబట్టి భారమంతా మర మీదనే పడుతుంది.

పైగా మీ పద్ధతిలో ఒక చిల్లర ప్రశ్న కూడా మిగిలిపోతుంది: గొట్టం 76 ఉండగా 68కి చేసిన యాక్సిలు అందులో పట్టదు. అంచులు కూడా కోయించాలి. మర పూర్తిగా చెడిన ఫ్రేము అయితే ఇటలీ ప్రమాణానికి, అంటే 36 మిల్లీమీటర్ల వ్యాసానికి, గొట్టాన్ని పెద్దది చేసి కోయించడం నయం. అప్పుడు పాత గాడులు చాలావరకు చెరిగిపోతాయి. కాని గోదారి గట్టు గారి గొట్టంలో మర చెక్కుచెదరకుండా ఉన్నది. దానికి కత్తి పెట్టడం ఎందుకు?

బర్మింగ్‌హామ్ బాటసారి (బర్మింగ్‌హామ్, ఇంగ్లండు)

మా ఊరి పేరు రాకముందే నేను కల్పించుకోవడం మంచిది. మర తేడా ఎక్కడిదని ఎవరైనా అడిగితే నేను ఇలా చెబుతాను. బి.ఎస్.ఎ. (బర్మింగ్‌హామ్ స్మాల్ ఆర్మ్స్) సంస్థ మా ఊరి స్మాల్ హీత్‌లో తుపాకులతో మొదలై సైకిలు విడిభాగాలు చేసి, ఊరూరి సైకిలు తయారీదారులకు అమ్మింది. ఇతరులకు అమ్మే వస్తువు అందరి ఫ్రేములకూ పట్టాలి కదా! రాలీ మాత్రం నాటింగ్‌హామ్‌లో తన భాగాలు తానే చేసుకునే సంస్థ, తన మర తనదే. బేలిస్ వైలీ, బ్రాంప్టన్, టి.డి.సి. ముద్రలు ఉన్న కప్పులు మీకు దొరికితే అవి బర్మింగ్‌హామ్ విడిభాగాల వ్యాపారానికి చెందినవని గుర్తు. వాటిని రాలీ గొట్టంలో ప్రయత్నించే ముందు మర లెక్కించండి.

ఇప్పుడు అసలు చిక్కు. ఫ్రేము మీది పేరును బట్టి మరను నిర్ణయించకూడదు. రాలీ సంస్థ 1932లో హంబర్ సైకిళ్ళను, 1943లో రడ్జ్‌ను, 1954లో ట్రయంఫ్ సైకిళ్ళను తన కిందికి తెచ్చుకున్నది. బి.ఎస్.ఎ. సైకిళ్ళ వ్యాపారం కూడా 1957లో రాలీ చేతికే వచ్చింది. ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ (టి.ఐ.) అనే మరో బ్రిటిష్ సమూహానికి హెర్క్యులిస్, ఫిలిప్స్ ఉన్నాయి. 1960లో ఆ సమూహమూ రాలీ కలిసిపోయాయి. కాబట్టి బి.ఎస్.ఎ. అని రాసి ఉన్న సైకిలు నాటింగ్‌హామ్‌లో తయారై రాలీ మరతో ఉండవచ్చు. మన దేశంలో అసన్‌సోల్‌లో సేన్ రాలీ, మద్రాసులో టి.ఐ. సైకిళ్ళు చేసినవి వేరే సంగతి. వాటి విషయంలోనూ బిళ్ళను కాక మరనే నమ్మండి. వెనుక హబ్బు స్టర్మీ ఆర్చర్ అయితే దాని మీద సంవత్సరం చివరి రెండంకెలు కొట్టి ఉంటాయి, సైకిలు వయసు తెలుసుకోవడానికి అది మంచి ఆధారం. చక్రం మార్చి ఉంటే తప్ప.

నా దగ్గరున్న పాత పూజో సైకిలు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. అది ఫ్రెంచి మర, 35 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు పిచ్, రెండు కప్పులూ కుడి మరలే. బ్రిటిష్ సైకిళ్ళ కుడి కప్పుది ఎడమ మర, సవ్యదిశలో తిప్పితే ఊడుతుంది; ఆ అలవాటుతో దీని కుడి కప్పునూ సవ్యదిశలో తిప్పి విప్పబోయి, ఒక గంట సేపు దానిని ఇంకా బిగించాను.

గోదారి గట్టు

ఆ గంట సేపటి బాధ మా దుకాణంలో అటునుంచి ఇటు జరిగింది. మాది ఎడమ మర అని తెలియక మొదట అప్రదక్షిణంగా తిప్పారు. తరువాత ఎవరో గుర్తుచేస్తే సవ్యదిశలో తిప్పగానే వచ్చేసింది.

ఇప్పుడు నా ప్రశ్న ఒక్కటే. 26 చుట్ల కుడి కప్పు ఎక్కడ దొరుకుతుంది?

పాత ఇనుము (విజయవాడ)

కొత్తది వెతకడం మానండి. చెడిన ఫ్రేమును వెతకండి. చిమ్టా (ముందు చక్రాన్ని పట్టే ఫోర్కు) వంగిపోయి, చక్రాలు లేక, గుజరీ దుకాణంలో తూకానికి సిద్ధంగా ఉన్న ఆడవాళ్ళ రాలీ సైకిలుకు కూడా ఇదే కప్పు ఉంటుంది. కొనే ముందు రెండు పనులు చేయండి. వెర్నియరుతో గొట్టం వెడల్పు చూడండి, 71 గాని 76 గాని ఉంటే ఆశ పెట్టుకోవచ్చు. తరువాత పెడల్ పట్టుకుని యాక్సిలును మెల్లగా తిప్పి చూడండి; గరుకుగా తిరిగితే లోపలి దారి కూడా మీ దానిలాగానే ఉన్నదని అర్థం.

కుడి కప్పు విప్పడానికి నేను బోల్టు పద్ధతి వాడతాను. ఇది అమెరికాలో మెకానిక్కుగా పేరుపొందిన షెల్డన్ బ్రౌన్ తన సైటులో వివరించి ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఎడమ కప్పు, యాక్సిలు, గోళీలు తీసేశాక కుడి కప్పు మధ్య కన్నంలో పట్టినంత లావు బోల్టును బయటినుంచి దూర్చి, తల కింద గట్టి వాషర్లు వేసి, లోపలి వైపు వాషరు, నట్టు పెట్టి నట్టును కదలకుండా పట్టుకోవాలి. ఆ తరువాత బోల్టు తలను సవ్యదిశలో బిగిస్తూ పోతే, ఒక దశలో బోల్టు ఇక బిగియక కప్పునే తనతో పాటు తిప్పుకుంటూ వస్తుంది. ఎడమ మర విప్పే దిశ, బోల్టు బిగిసే దిశ ఒక్కటే కావడమే ఇందులోని కిటుకు. ముందు రోజు రాత్రి కిరసనాయిలు, నూనె కలిపి పోసి ఉంచండి. సుత్తి, ఉలి మాత్రం కప్పు పలకల దగ్గరికి రానివ్వకండి. ఒకసారి పలక జారిందంటే పానా ఇక ఎప్పటికీ పట్టదు.

గోదారి గట్టు

మూడు వారాల తరువాత రాస్తున్నాను. నిడదవోలు దగ్గర పాత సామాను దుకాణంలో రాలీ ఆడవాళ్ళ సైకిలు ఫ్రేము దొరికింది. గొట్టం 71. బోల్టు పద్ధతి పని చేసింది, కాకపోతే మొదటి బోల్టు తెగిపోయింది, రెండోసారి గట్టి బోల్టు తెచ్చుకున్నాను. కప్పు లోపలి దారిని పరీక్షించడానికి బాల్ పెన్ను మొనను దాని మీద మెల్లగా నడిపాను. గుంట ఉంటే మొన తట్టుకుంటుంది, కంటికి కనబడనివి కూడా చేతికి తెలుస్తాయి. ఎక్కడా తట్టుకోలేదు. కార్బన్ కాగితం మీద 13 గీతలు వచ్చాయి. మా ఫ్రేములో చివరి వరకు చేతితోనే తిరిగింది.

ఆ సైకిలు యాక్సిలు మా దానికన్నా నిగనిగలాడుతున్నది. దానినే వాడుకోవచ్చా?

మరల మనిషి

వాడకండి. 71 గొట్టానికి చేసిన యాక్సిలులో రెండు కోనుల (యాక్సిలు మీద గోళీలు ఆనే ఉబ్బు భాగాల) మధ్య దూరం మీ 76కి అవసరమైన దానికన్నా 5 మిల్లీమీటర్లు తక్కువ. ఎడమ కప్పును అంత లోపలికి దించితే పై రింగుకు మర మిగలదు. మీ పాత యాక్సిలు కోనుల మీద మెరిసే గీత మాత్రమే ఉంటే అది సహజమైన అరుగుదల. పెన్ను మొన తట్టుకుంటేనే పారేయండి.

యాక్సిలుకు రెండు చివరలూ సమానం కావు. కోను నుంచి కాటర్ పిన్ను గాడి వరకు రెండు వైపులా కొలవండి, పొడవైన వైపు చైన్ వీల్ ఉండే కుడికి వెళ్ళాలి. తారుమారైతే చైన్ వీల్ ఫ్రేముకు తగులుతుంది.

గోళీలు ఒక్కో వైపు ¼ అంగుళానివి 11 చొప్పున, మొత్తం 22 కొనండి. అన్నీ ఒకే పొట్లంలోవి కావాలి. పాతవి కొన్ని, కొత్తవి కొన్ని కలిపితే అరగని గోళీలే భారమంతా మోసి, మీ కొత్త కప్పును ఏడాదిలో పాత కప్పులా చేస్తాయి. తెనాలి చక్రాలు గారు 9 గోళీల పంజరం (గోళీలను రేకులో అమర్చిన చట్రం) వాడమంటారేమో. విడి గోళీలు రెండు ఎక్కువ పడతాయి, భారం పంచుకుంటాయి, అందుకే నాకు అవి ఇష్టం. పంజరమే వాడితే దానిని రెండు వైపులా పెట్టి తిప్పి చూడండి. కప్పుకు గాని కోనుకు గాని గోళీలు మాత్రమే తగలాలి, రేకు తగలకూడదు.

కుడి కప్పును గట్టిగా బిగించి, రెండు కప్పుల్లోనూ గ్రీజు దట్టంగా పూసి గోళీలను అందులో అంటించండి. ఎడమ కప్పును యాక్సిలు కాస్త బరువుగా తిరిగే వరకు బిగించి, అక్కడి నుంచి చుట్టులో ఎనిమిదో వంతు వెనక్కి తేవాలి. ఇక్కడే చాలామంది విసుగు చెందుతారు: పై రింగును బిగించగానే అది కప్పును వెంట్రుకవాసి బయటికి లాగుతుంది, సరిగ్గా కుదిరిందనుకున్నది వదులవుతుంది. అందుకని రింగు బిగించే ముందు కప్పు ఒక పిసరు బిగువుగానే ఉండాలి. ఒకటికి నాలుగుసార్లు చేయవలసి వస్తుంది. గొట్టం పైన నూనె పోసే చిన్న మూత ఉంటే దాని కన్నంలో పేరుకున్న మట్టిని దబ్బనంతో తీసి శుభ్రం చేయండి. గ్రీజు వేసినా నెలకొకసారి నాలుగు చుక్కల నూనె పడటం మంచిదే.

గోదారి గట్టు

ఆరోసారికి కుదిరింది. యాక్సిలును రెండు వేళ్ళతో తిప్పితే పట్టు తగలకుండా తిరుగుతున్నది, ఊగడం లేదు. కాని క్రాంకులు బిగించాక వింత జరిగింది. కుడి పెడల్ సరిగ్గా కిందికి వచ్చినప్పుడు ఎడమ పెడల్ సరిగ్గా పైకి రావడం లేదు, కొంచెం ముందుకు వాలి ఉన్నది. యాక్సిలు మెలి తిరిగిందా?

తెనాలి చక్రాలు

యాక్సిలు మెలి తిరగలేదు, పిన్ను తిరగబడింది. మర విషయంలో నన్ను చివరి మార్గంగా పక్కన పెట్టారు గాని, కాటర్ పిన్నుల విషయంలో నన్ను నమ్మవచ్చు. మీరు రెండు పిన్నులనూ సైకిలుకు ఒకే వైపు నుంచి దూర్చి ఉంటారు. అలా కాదు. కుడి క్రాంకును ముందుకు అడ్డంగా పెట్టి, పిన్ను నట్టు పైకి ఉన్నదో కిందికి ఉన్నదో చూడండి. తరువాత ఎడమ క్రాంకును అలాగే ముందుకు తెచ్చి చూడండి. రెండింటికీ నట్టు ఒకే వైపున ఉండాలి. మీ పిన్ను ఏటవాలు పలక ఒకటి ఒకవైపు, మరొకటి రెండోవైపు ఆనుతున్నది, అందుకే క్రాంకులు సరళరేఖలో లేవు.

కొత్త పిన్నులు కొనేటప్పుడు 9.5 మిల్లీమీటర్లవి అడగండి. ఐరోపా సైకిళ్ళకు వచ్చే 9 మిల్లీమీటర్ల పిన్ను పట్టినట్లే ఉండి వదులవుతుంది. రెండు పిన్నుల ఏటవాలు పలకలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి, అవసరమైతే ఆకురాయితో సమం చేసుకోండి. సుత్తితో కొట్టే ముందు క్రాంకు కింద నేల వరకు ఆనేటట్లు ఇనుప గొట్టపు ముక్కను నిలబెట్టండి. లేకపోతే దెబ్బ గోళీల గుండా కప్పుకు చేరి, మీరు నిడదవోలు నుంచి తెచ్చుకున్న కప్పులోనే చిన్న గుంటలు పడతాయి. నట్టుతో పిన్నును లాగకండి, దాని మర మెత్తనిది. పిన్నును దెబ్బతో కూర్చోబెట్టాలి, నట్టు దానిని అక్కడ నిలిపి ఉంచడానికే.

గోదారి గట్టు

ఎడమ పిన్ను తీసి రెండోవైపు నుంచి దూర్చాను, పెడళ్ళు ఎదురెదురుగా వచ్చాయి. ఈ ఉదయం రోడ్డు కం రైలు వంతెన మీదుగా కొవ్వూరు వెళ్ళి వచ్చాను. తిరుగు ప్రయాణంలో ఎడమ వైపు ప్రతి చుట్టుకూ ఒకసారి టిక్కుమని శబ్దం వినబడింది. ఇంటికి వచ్చి గొట్టపు ముక్క పెట్టి పిన్నును ఇంకో రెండు దెబ్బలు కొడితే నట్టు మళ్ళీ అర చుట్టు తిరిగింది, ఆ శబ్దం పోయింది.

ఆడవాళ్ళ ఫ్రేము నుంచి వచ్చిన యాక్సిలు, ఎడమ కప్పు, పై రింగు నా దగ్గర మిగిలి ఉన్నాయి. 71 గొట్టం ఉన్న రాలీ ఎవరి దగ్గరైనా ఉంటే, ముందు కార్బన్ కాగితం మీద గీతలు లెక్కించి ఇక్కడ రాయండి, పంపిస్తాను.